తపస్సు కాలంలో ఖోఖో: ఒక కాన్వెంట్ గర్ల్స్ హైస్కూల్ కేస్ స్టడీ

ఫిర్యాదు చిన్నదే. శుక్రవారం సాయంత్రం ప్రాక్టీసులో ఒకరో ఇద్దరో కళ్లు తిరుగుతున్నాయని కూర్చుండిపోతున్నారు. సోమవారం అదే పిల్లలు బాగానే పరుగెత్తుతున్నారు. మార్చి వచ్చేసరికి ఇది ప్రతి వారం జరిగే తంతైపోయింది.

బడి పేరు ఇక్కడ అక్కర్లేదు. కృష్ణా డెల్టాలో సిస్టర్లు నడిపే కతోలిక బాలికల ఉన్నత పాఠశాల అది. 6 నుంచి 10వ తరగతి వరకు ఉంది. హాస్టల్, ప్రార్థనాలయం ఆవరణలోనే ఉన్నాయి. గ్రౌండ్‌కి ఒక మూలన లూర్దుమాత గుహ. ప్రధానమైన ఆట ఖోఖో, దాని తర్వాత అథ్లెటిక్స్. ఆటల పట్టీలో 24 మంది పిల్లలు, సగానికి పైగా హాస్టల్ వాళ్లు. కతోలికులతోపాటు ఇతర సంఘాల క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు కూడా ఆ పట్టీలో ఉన్నారు. ఇక్కడ రాస్తున్నది 2024–25 విద్యా సంవత్సరం సంగతి. తపస్సు కాలమంటే ఈస్టర్‌కి ముందు కతోలికులు పాటించే నలభై రోజుల ప్రాయశ్చిత్త కాలం, అందులో శుక్రవారాలు మాంసం మానే రోజులు.

బడిలో అప్పటికే రెండు వాదనలున్నాయి. పూజలూ జపాలూ ఎక్కువై ప్రాక్టీసు దెబ్బతింటోందని వ్యాయామం టీచర్ల వైపు మాట. ఆటలు ఎక్కువై పిల్లలకి ప్రార్థన మీద మనసు నిలవడం లేదని హాస్టల్ వైపు మాట. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే కళ్లు తిరగడానికి ఆ రెండూ కారణం కాదని మూడు వారాల నోటుబుక్కు తేల్చింది.

నోటుబుక్కులో ఏం రాశారంటే

రోజూ ప్రాక్టీసుకి ముందు ఒక్కో పిల్లని ఐదు సంగతులు అడిగి రాశారు. చివరిసారి ఎన్ని గంటలకి తిన్నావు, ఏం తిన్నావు, మధ్యాహ్నం నుంచి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగావు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, నెలసరిలో ఉన్నావా. ఆఖరి ప్రశ్నని అందరి ముందూ అడగకూడదు. పేరు పక్కన చుక్క పెట్టే పని కెప్టెన్‌కి అప్పగిస్తే సరిపోతుంది. ఒక్కో పిల్లకి అర నిమిషం కన్నా పట్టదు. ఈ పని వార్మప్ అయ్యాక చేయకండి. అప్పటికి అందరూ "బానే ఉన్నాం మేడమ్" అనే అంటారు.

మూడు వారాల్లో బయటపడింది ఇది. శుక్రవారాల్లో కూర్చుండిపోయిన వాళ్లలో ఎక్కువమంది పొద్దున టిఫిన్ మానేసినవాళ్లే. మానమని వాళ్లకెవరూ చెప్పలేదు. పక్క మంచం అక్క మానేసింది కాబట్టి వీళ్లూ మానేశారు. మధ్యాహ్నం హాస్టల్ భోజనం అన్నం, పలుచటి చారు, ఒక కూర. మిగతా రోజుల్లో కంచంలో కనిపించే గుడ్డు శుక్రవారం లేదు. సాయంత్రం నాలుగున్నరకి సిలువ మార్గం, అంటే యేసు సిలువ యాత్రని తలచుకుంటూ 14 స్థలాల దగ్గర ఆగి చేసే ప్రార్థన. అది ముగియగానే ఐదుంపావుకి గ్రౌండ్. అంటే పొద్దున్నుంచి అన్నం, చారు మాత్రమే తిన్న 13 ఏళ్ల పిల్ల, మార్చి ఎండలో ముప్పావుగంట లేస్తూ మోకరిల్లుతూ గడిపి, ఆ వెంటనే ఛేజింగ్‌కి దిగుతోంది. అక్కడ కళ్లు తిరగకపోతేనే వింత.

చట్టం ఏమంది, ఆనవాయితీ ఏం చేసింది

ఈ కేసులో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇక్కడే ఉంది. కాన్వెంట్ బడుల్లో పనిచేసే వ్యాయామ ఉపాధ్యాయులు, ముఖ్యంగా కతోలికులు కానివాళ్లు, ఈ నియమాల్ని తెలుసుకోకుండానే "మత విషయం మనకెందుకులే" అని వదిలేస్తారు. చదివి చూస్తే పని సులువవుతుంది.

శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం ఉపవాసపు రోజులు ఏడాదికి రెండే, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). ఆ ఉపవాసం కూడా 18 ఏళ్లు నిండినవాళ్ల మీద మొదలై 60వ ఏట అడుగుపెట్టడంతో ముగుస్తుంది. హైస్కూల్ పిల్లలెవరూ దాని కిందికి రారు. మాంసం మానాలన్న నియమం 14 ఏళ్లు నిండినవాళ్లకి వర్తిస్తుంది, కాబట్టి ఎక్కువగా 9, 10 తరగతుల వాళ్లకి. శుక్రవారాల నియమాన్ని ఆయా దేశాల పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్యలు మార్చుకునే వీలూ ఉంది. పిల్లలకి ప్రాయశ్చిత్తం అంటే ఏమిటో నేర్పే బాధ్యత గురువులకీ తల్లిదండ్రులకీ ఉందని అదే చట్టం చెబుతుంది. కనుక "మీకు తపస్సు కాలం వర్తించదు" అని పిల్లలతో అనడం తప్పు. "టిఫిన్ మానడం మీ మీద పెట్టిన నియమం కాదు" అనాలి.

ఇక గుడ్డు. మాంసం మానాలన్న నియమంలో గుడ్డు లేదు, పాలు లేవు, చేప కూడా లేదు. అయినా శుక్రవారం హాస్టల్ కంచంలోంచి గుడ్డు ఎందుకు పోయింది? వంటగదిలో అడిగితే జవాబు వెంటనే వచ్చింది. "శుక్రవారం పూట నీచు ఎట్టా పెడతామమ్మా?" వండేవాళ్ల లెక్కలో కోడికూర, చేపలపులుసు, గుడ్డు మూడూ నీచే. ఆ లెక్క రోము నుంచి రాలేదు, మన ఊళ్ల నుంచే వచ్చింది. శనివారాలు, కార్తీక సోమవారాలు పాటించే ఇళ్లలో పుట్టిపెరిగినవాళ్లు వండుతున్నారు. శుక్రవారం మాంసం వద్దని సిస్టర్ చెప్పిన మాట వాళ్ల చెవికి నీచు వద్దన్నట్టే వినిపించింది. ఏళ్ల తరబడి ఎవరూ సరిచేయలేదు, ఎందుకంటే ఎవరికీ అది తప్పని తోచలేదు. వార్డెన్ సిస్టర్‌గారు కూడా చిన్నప్పుడు అలాంటి హాస్టల్‌లోనే పెరిగారు.

ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 13–15 ఏళ్ల ఆడపిల్లకి రోజుకి 43 గ్రాములు, 16–18 ఏళ్ల పిల్లకి 46 గ్రాములు కావాలి. ఒక్కరోజు గుడ్డు పోతే మునిగిపోయేదేమీ లేదు. తీసేసిన గుడ్డు స్థానంలో ఏమీ పెట్టకపోవడమే అసలు నష్టం. పైగా టిఫిన్ మానిన రోజు, ఎండ రోజు, ప్రాక్టీసు రోజు మూడూ ఒకటే అయ్యాయి.

పొద్దుటి పూజ, అరటిపండు

హాస్టల్‌లో పొద్దున 5కి గంట, 5.30కి ప్రాక్టీసు, 6.30కి దివ్యబలిపూజ (మాస్), 7.30కి టిఫిన్. సత్ప్రసాదం (పూజలో గురువు ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకునేవాళ్లు లేచినప్పటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండటం అలవాటు. ఇది పాత తరం నియమం మిగిల్చిన అలవాటు. ఇప్పటి నియమం ఒక గంట మాత్రమే. ఆ గంటని లెక్కపెట్టాల్సింది పూజ మొదలయ్యే సమయం నుంచి కాదు, సత్ప్రసాదం స్వీకరించే క్షణం నుంచి వెనక్కి. నీళ్లకీ మందులకీ ఆ గంట కూడా అడ్డు రాదు.

లెక్క వేస్తే ఇలా వస్తుంది. 6.30 పూజలో సత్ప్రసాదం దాదాపు 7 గంటలకి. అంటే 6 లోపు ఏం తిన్నా నియమం తప్పినట్టు కాదు. అలా 5.20కి ఒక అరటిపండు, ఒక గ్లాసు నీళ్లు, లేదా అర గ్లాసు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. విచారణ గురువుల (ఆ ఊరి చర్చి ఫాదర్‌గారి) చేత ఆ నియమాన్ని ఒక ఆదివారం పిల్లలకి చెప్పించారు. అదే మాట వ్యాయామం టీచర్ చెబితే పిల్లలు తలూపి అరటిపండు జేబులో దాచుకుంటారు. ఫాదర్‌గారు చెబితే తింటారు. ఈ తేడాని చిన్నతనంగా అనుకోనక్కర్లేదు, వాడుకోవాలి.

ఒక పొరపాటు జరిగింది. మొదటి వారం పాలు ఇచ్చారు. పరుగుకి పావుగంట ముందు పాలు తాగి ఇద్దరు వాంతి చేసుకున్నారు. పాలు ప్రాక్టీసు తర్వాతే, టిఫిన్‌తో పాటే ఇవ్వాలి.

శుక్రవారం కంచం

చేసిన మార్పు ఇదీ. టిఫిన్ అందరూ తినాలి. ఏదైనా మానుకోవాలనుకునే పిల్ల సాయంత్రం బిస్కట్లనో, ఆదివారం ఐస్‌క్రీమ్ డబ్బులనో మానుకుని తపస్సు కాలపు హుండీలో వేయొచ్చు. సిస్టర్లే ఈ దారి చూపించారు, పిల్లలకి బాగా నచ్చింది కూడా. మధ్యాహ్నం గుడ్డు తిరిగొచ్చింది. వద్దనేవాళ్లకి, గుడ్డు తినని ఇళ్ల పిల్లలకి గట్టి పప్పు, అదనంగా ఒక గరిటె పెరుగు. సిలువ మార్గానికి ముందు, అంటే నాలుగింటికి, ఆటల పిల్లలకి గుగ్గిళ్లు.

గుగ్గిళ్ల లెక్క తలకి 40 గ్రాముల ఎండు శనగలు. 24 మందికి 960 గ్రాములు, కిలో అనుకుంటే సరి. తలకి దాదాపు 8 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. గురువారం రాత్రి 8 లోపు నానబెట్టాలి. ఇక్కడే రెండుసార్లు దెబ్బతిన్నారు. గురువారం రాత్రి ఎవరూ నానబెట్టలేదు, శుక్రవారం పొద్దున గుర్తొచ్చి వేడినీళ్లలో వేశారు, సాయంత్రానికి రాళ్లలా ఉన్నాయి. నాలుగింటికి గట్టి శనగలు తిన్న పిల్లలు ఐదుంపావుకి కడుపు పట్టుకున్నారు. అప్పటి నుంచి వంటగది పలక మీద గురువారం గడిలో "శనగలు" అని రాసే పని ఆటల కెప్టెన్‌ది. నానబెట్టడం మరిచిపోయిన రోజుకి ప్రత్యామ్నాయం వేరుశనగ చిక్కీ, తలకి 30 గ్రాములు, డబ్బాలో ఎప్పుడూ ఉండాలి.

నీళ్లు కూడా అంతే కచ్చితంగా. సిలువ మార్గానికి వెళ్లే ముందు ఒక గ్లాసు, అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ ఒక గ్లాసు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి డే స్కాలర్లు మధ్యాహ్నమే ఇంటికెళ్లి మళ్లీ వస్తారు. వాళ్లు ఎండలో సైకిల్ తొక్కి వచ్చేది మర్చిపోకూడదు. వాళ్లకి ముందు నీడలో పది నిమిషాలు.

రక్తహీనత సంగతి వేరుగా చూశారు, ఎందుకంటే తిండి సరిచేశాక కూడా ఇద్దరిలో ఆయాసం తగ్గలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించారు. 12 కన్నా తక్కువ వస్తే డాక్టర్ చెప్పినదాకా కఠిన శిక్షణ ఆపాలి. వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రని బడిలో పంచుతారు, కానీ పిల్లలు దాన్ని టీతోనో పాలతోనో మింగితే సగం ఫలితం పోతుంది. అన్నం తిన్నాక నీళ్లతో, టీచర్ కళ్లెదుటే.

వారం పట్టీ

2025లో విభూది బుధవారం మార్చి 5, పవిత్ర శుక్రవారం ఏప్రిల్ 18. మధ్యలో, అదీ కలుపుకుని, ఏడు శుక్రవారాలు. పాత పట్టీలో శుక్రవారం ప్రాక్టీసు కూడా కఠినమైనదే, కారణం శనివారం స్నేహపూర్వక మ్యాచ్‌కి ముందు "బాగా తోమాలి" అనే పాత నమ్మకం. శిక్షణ శాస్త్రం ప్రకారం అది ఎలాగూ తప్పే. మ్యాచ్ ముందు రోజు కాళ్లు అలసిపోయేలా పరిగెత్తిస్తే మ్యాచ్‌లో డైవ్ లేటవుతుంది.

కొత్త పట్టీలో మంగళ, గురువారాలు బరువైన రోజులు. మంగళవారం 30 మీటర్ల పరుగులు, పోల్ టర్నింగులు, మూడు మూడు మంది బ్యాచ్‌లతో 3 నిమిషాల రన్నింగ్ విడతలు. గురువారం పూర్తి ఇన్నింగ్స్, 9 నిమిషాల లెక్కన. సోమవారం వేగం, బుధవారం తేలిక. శుక్రవారం సిలువ మార్గం అయ్యాక 30–40 నిమిషాలు నైపుణ్యం మాత్రమే. చతురంలో, అంటే ఛేజర్లు కూర్చునే గడిలో, కూర్చునే భంగిమ, ఖో చెప్పి లేచే తీరు, ముందు చెయ్యి తగలాలి ఆ తర్వాతే మాట అన్న క్రమం. పరుగు లేదు. చూడ్డానికి ఆ శుక్రవారం గంట వృథాలా కనిపిస్తుంది. కానీ ఫౌళ్లు తగ్గేది ఆ గంటలోనే. ఖో ముందే అనేయడం, గీత దాటి లేవడం అలసట లేని కాళ్లతో అభ్యాసం చేస్తే తప్ప పోవు.

అదే ఏడాది రంజాన్ మార్చి 2న మొదలైంది. ఉపవాసం ఉన్న ముస్లిం పిల్లలకి కూడా ఈ పట్టీలోనే చోటు దొరికింది. వాళ్లు నీళ్లు కూడా తాగరు కాబట్టి మంగళ, గురువారాల పరుగుల్లో వాళ్లని దించలేదు, స్కోరింగ్, టైమింగ్ పని ఇచ్చారు. నైపుణ్యం అభ్యాసం ఇఫ్తార్‌కి ముందరి అరగంటలో, నీడలో. ఇది దయాగుణం చూపే చోటు కాదు. అందరితో సమానంగా పరిగెత్తుతానని పట్టుబట్టే పిల్లకి కూడా వద్దనే చెప్పాలి.

మోకాళ్లు

సిలువ మార్గంలో ఒక్కో స్థలం దగ్గర మోకరిల్లి లేవాలి. 14 సార్లు, సిమెంటు నేల మీద. ఖోఖోలో అదే మోకాలు రోజూ చతురంలో వంగి కూర్చుంటుంది, డైవ్‌లో నేలకి తగులుతుంది. 10–14 ఏళ్ల మధ్య ఒక్కసారిగా ఎదిగే పిల్లల్లో మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి, నొక్కితే నొప్పి పుట్టడం మామూలు. డాక్టర్లు దీన్ని ఆస్‌గుడ్–ష్లాటర్ అంటారు. ఎముక పెరుగుదల స్థిరపడ్డాక చాలావరకు తగ్గిపోతుంది కానీ, అప్పటిదాకా గంతులు, మోకరిల్లడం దాన్ని రెచ్చగొడతాయి.

ఈ బడిలో ముగ్గురికి అది ఉంది. ఇద్దరు చెప్పలేదు, ఎందుకంటే అందరూ మోకరిల్లినప్పుడు తాము నిలబడితే భక్తి లేదనుకుంటారని భయం. మూడో పిల్లకి నొప్పి ఉన్న వైపు ట్రాక్‌సూట్ మీద సున్నం మచ్చ లేకపోవడం చూసి టీచర్ కనిపెట్టింది. ఆ కాలు వాడటం మానేసిందన్నమాట. మోకరిల్లలేని వాళ్లు నిలబడి గానీ కూర్చుని గానీ ప్రార్థించొచ్చు. దాని కోసం ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మొదటి స్థలం దగ్గర ఒక సిస్టర్‌గారే కుర్చీలో కూర్చుంటే పిల్లలకి వేరే చెప్పాల్సిన అవసరం రాదు. ఆవిడకీ మోకాళ్ల నొప్పులే కనుక అందరికీ మేలు.

మెడలో ఉండేవాటి గురించి కూడా ఒక మాట. జపమాల, ఉత్తరీయం (కతోలికులు మెడలో వేసుకునే చిన్న గుడ్డ ముక్కల తాడు), నల్లపూసలు, తాయెత్తు, చెవి రింగులు, గాజులు ఏవైనా సరే, గ్రౌండ్‌లోకి దిగే ముందు తీసేయాలి. ఖోఖోలో వెనక నుంచి చెయ్యి పడుతుంది, మెడలో తాడు ఉంటే పీక బిగుసుకుంటుంది. ఒక్క మతం వస్తువుని మాత్రమే తీయమంటే గొడవ. అందరివీ ఒకే పెట్టెలో, పేరు రాసిన కాగితం సంచుల్లో పెడితే గొడవ లేదు. పెట్టె తాళం కెప్టెన్ దగ్గర ఉండాలి, టీచర్ దగ్గర కాదు. టీచర్ సెలవు పెట్టిన రోజు పిల్లలు వస్తువులు లేకుండా ఇంటికెళ్లాల్సి వస్తుంది.

అక్టోబర్ జపమాల

ఆటల పోటీల అసలు కాలం తపస్సు కాలం కాదు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్–14, అండర్–17 ఎంపికలు మండలం నుంచి జిల్లా, రాష్ట్ర స్థాయిల దాకా ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబర్ లోపు జరుగుతాయి. అక్టోబర్ మొత్తం జపమాల మాసం, ప్రతి సాయంత్రం గుహ దగ్గర ప్రార్థన. ఏడాదిలో అత్యంత విలువైన ప్రాక్టీసు నెలలోనే రోజూ ఢీ.

అప్పటిదాకా ఏం జరిగేదంటే, ఐదున్నరకి జపమాల గంట కొట్టగానే కతోలిక పిల్లలు గుహ దగ్గరకి, మిగతావాళ్లు గ్రౌండ్‌లోనే. ఖోఖో జట్టు సగం సగం. 12 మంది జట్టులో 9 మంది కోర్టులో దిగే ఆటకి ఇది ప్రాణాంతకం. ఇద్దరి మధ్య కుదరాల్సిన సైగలు కుదరవు. కొందరు కతోలిక పిల్లలు "మేడమ్, ఇవాళ నాకు ప్రాక్టీసుంది" అని జపమాల తప్పించుకోవడం, ఆ సంగతి వార్డెన్ దాకా వెళ్లడం, దాంతో ఇంటికి ఉత్తరం.

ముందు ఒక తెలివైన ఆలోచన చేసి చూశారు. జపమాల చెప్పుకుంటూ గ్రౌండ్ చుట్టూ మెల్లగా పరిగెత్తడం, ఒక్కో రహస్యానికి, అంటే జపమాలలోని పదేసి జపాల భాగానికి, ఒక్కో చుట్టు. వినడానికి అందంగా ఉంది కానీ నిలబడలేదు. 10 మంగళవార్త జపాలు ఆయాసపడుతూ చెబితే ప్రార్థనా కాదు, వార్మప్పూ కాదు. పిల్లలు నవ్వుకున్నారు, అది ఇంకా చెడ్డది. నాలుగో రోజే ఆపేశారు.

నిలబడిన ఏర్పాటు చాలా మామూలుది. ప్రాక్టీసు 4.30కి మొదలై 5.45కి ముగుస్తుంది. పావుగంట కూల్‌డౌన్. 6 గంటలకి త్రికాల జపం గంట ఎలాగూ కొడతారు, అక్కడితో ఆట ఆగిపోవాలన్నది గీత. ఆ వెంటనే గుహ ముందు చాప మీద కూర్చుని జపమాల, ఐదు రహస్యాలకి 20 నిమిషాలు. కతోలికులు కాని పిల్లలు అక్కడ కూర్చోవచ్చు, లేదా సామాను సర్దుకుని చదువుకోవచ్చు. ఈ ఎంపిక మర్యాద కోసం పెట్టింది కాదు. ప్రభుత్వ గుర్తింపు గానీ ఆర్థిక సాయం గానీ ఉన్న బడిలో మైనర్ పిల్లని సంరక్షకుల అనుమతి లేకుండా ఆరాధనలో పాల్గొనమని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు చెబుతుంది. చేరేటప్పుడు తీసుకున్న సంతకం ఉందో లేదో ఆఫీసులో చూసుకోవడం మంచిది.

మ్యాచ్ ఆదివారం పడితే శనివారం సాయంత్రం పూజ ఆదివారపు బాధ్యతకి సరిపోతుంది. ఇది తెలియక ఆదివారం పొద్దున 5కి పూజ పెట్టించి, నిద్ర లేని పిల్లల్ని బస్సెక్కించిన సందర్భాలు ఆ బడిలో ఉన్నాయి.

పందిరి గుంతలు

సెప్టెంబర్ 8 మరియమాత జన్మదినోత్సవం. ఆగస్టు 30 నుంచి నవదిన ప్రార్థనలు. బడిలో ఇదే పెద్ద పండుగ, పందిరి గ్రౌండ్‌లోనే వేస్తారు. పండుగ అయ్యాక పందిరి వాళ్లు సర్వి బాదులు పీక్కుని వెళతారు, గుంతలు అలాగే ఉంటాయి. వానకి నిండి కనపడవు. 2024లో మూడో లేన్‌లోని అలాంటి గుంతలో కాలు పడి ఒక పిల్ల మడమ బెణికింది, జిల్లా ఎంపికకి వెళ్లలేకపోయింది.

గుంతని పైపైన మట్టితో పూడ్చితే వారంలో కుంగుతుంది. లోపలి బురద తీసేసి, గ్రావెల్, ఎర్రమట్టి కలిపి 15 సెంటీమీటర్ల పొరలుగా వేస్తూ, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. అంతకన్నా మంచి మార్గం గుంతలే తవ్వకపోవడం. మరుసటి ఏడాదికి, ఖోఖో కోర్టుకి చుట్టూ ఖాళీ వదిలి, ట్రాక్ లోపలి మైదానంలోనే పందిరి నిలిచేలా జీఐ పైపు ముక్కల్ని నేల మట్టానికి కాంక్రీటులో పాతి మూతలు బిగించాలని నిర్ణయించారు. బాదు పైపులో దిగుతుంది, పండుగ అయ్యాక మూత.

గ్రౌండ్ కొలతలు 95 × 46 మీటర్లు. ఇందులో 200 మీటర్ల ట్రాక్ నాలుగు లేన్లతో సరిగ్గా పడుతుంది. తిన్నని భాగం 50 మీటర్లు, లోపలి గీత వ్యాసార్ధం 15.72 మీటర్లు, లేన్ వెడల్పు 1.22. మొత్తం 91.2 × 41.2 మీటర్లు. లోపలి అంచుకి గట్టు లేదు, గీత మాత్రమే కాబట్టి పరుగు కొలత గీతకి 20 సెంటీమీటర్ల అవతల తీసుకోవాలి. ఒక చుట్టు పరుగుకి రెండో లేన్ ముందుకి జరగాల్సింది 7.67 మీటర్లు, మూడోది 15.33, నాలుగోది 23. ఇక్కడ పుస్తకంలోని 7.04 అంకెని వేసేయడం సాధారణమైన తప్పు. అది మొదటి లేన్‌కి గట్టు ఉన్న ట్రాక్‌ది. గీతలకి తడి సున్నం వాడకండి, డైవ్ చేసే ఆటలో కళ్లు మండుతాయి. ముగ్గుపిండి చాలు. వంపుల కేంద్రాల్లో రెండు ఇనుప మేకులు నేల లోపలికి దిగ్గొట్టి ఉంచితే, పండుగ తర్వాత గీతలు మళ్లీ వేయడం అరపూట పని.

100 మీటర్ల తిన్నని పరుగుకి ఈ గ్రౌండ్‌లో చోటు లేదు. స్ప్రింటర్లకి వారానికోసారి పట్టణంలోని కాలేజీ గ్రౌండ్ తప్పదు. సిస్టర్ ఒకరు వెంట వెళ్లాలన్న షరతు ఉంది, అందుకే ఆ ప్రయాణం వారాల తరబడి వాయిదా పడేది. సిస్టర్ బదులు మహిళా టీచర్ వెళ్లొచ్చని మార్చుకున్నాకే కదిలింది.

దరఖాస్తులో పేరు

ఇది చిన్న విషయమే, కానీ ఎంపికైన పిల్లని ఇంటికి పంపేసేది ఇదే. కతోలిక పిల్లలకి జ్ఞానస్నానం పేరు ఒకటి, బడి రిజిస్టర్‌లో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండటం సాధారణం. జూన్‌లోనే మూడూ పోల్చి చూడాలి. ఆటల దరఖాస్తులో బడి రిజిస్టర్ పేరే రాయాలి, ఆధార్‌తో తేడా ఉంటే అప్పుడే సరిచేయించాలి. సెప్టెంబర్‌లో మొదలుపెడితే అందదు. రెండు పేర్లు ఎందుకున్నాయన్న దానికి ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం ఉంటుంది. దాన్ని వ్యాయామం టీచర్ తవ్వకూడదు.

తల్లిదండ్రుల సమావేశంలో తరచూ ఒక మాట వస్తుంది. పి.వి. సింధు సికింద్రాబాద్ ఆక్సీలియంలో చదివింది, నిఖత్ జరీన్ నిజామాబాద్ నిర్మల హృదయలో చదివింది, మరి మన కాన్వెంట్ నుంచి ఎందుకు రారు అని. ఆ ఇద్దరి శిక్షణ సాగింది బడి బయటే. అలాంటి పిల్ల వస్తే కాన్వెంట్ చేయగలిగిన పని హాజరు, పరీక్షలు, హాస్టల్ గేటు వేళలు సర్దడం. ఆ సర్దుబాటు కాగితం మీద ఉందా అని తల్లిదండ్రులు అడగాలి.

తేలనివి

ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత ఉత్సవాలు. ఇంటివాళ్లతో కలిసి వెళ్లాలని హాస్టల్ పిల్లలంతా కోరతారు. పదో తరగతి వాళ్లకి పరీక్షలు దగ్గరపడే రోజులు. మూడు రోజులు ప్రాక్టీసు పట్టీ ఖాళీగా వదిలేయడం తప్ప దీనికి దారి దొరకలేదు. వదిలేయడమే మంచిదనిపిస్తుంది కూడా. ఏడాదంతా పరిగెత్తే కాళ్లకి మూడు రోజుల విశ్రాంతి నష్టం కాదు.

తపస్సు కాలం చివరి శుక్రవారాల్లో కూర్చుండిపోయేవాళ్లు కనిపించలేదు. పవిత్ర శుక్రవారం నాడు అసలు ప్రాక్టీసే లేదు. కానీ సిస్టర్లకి మే, జూన్ నెలల్లో బదిలీలుంటాయి. కొత్త వార్డెన్ రావచ్చు, వంటామె మారవచ్చు. అందుకని ఏప్రిల్ 23న, సెలవులకి ముందు, ఒక్క పేజీ రాసి మూడు చోట్ల పెట్టారు, సుపీరియర్ (కాన్వెంట్ పెద్ద సిస్టర్) గదిలో, వంటగది తలుపు లోపలివైపు, ఆటల గది బీరువాలో. అందులో ఉన్నవి ఇవే. 5.20 అరటిపండు. శుక్రవారం గుడ్డు నీచు కింద రాదు. గురువారం రాత్రి 8 లోపు కిలో శనగలు నానాలి. మోకరిల్లలేని పిల్లకి కుర్చీ. 6 గంటలకి గంట కొట్టగానే ఆట ఆపాలి. కింద విచారణ గురువుల సంతకం, హెచ్‌ఎం సంతకం. వంటామె చదువుకోలేదు కాబట్టి శనగల గిన్నె బొమ్మ ఒకటి ఎనిమిదో తరగతి పిల్ల గీసింది.